ఐసీయూలో అక్యూట్ కిడ్నీ ఇంజురీ: జబ్బు పెరిగిందా, పట్టుకోవడం పెరిగిందా?

తెల్లకోటు

అందరికీ నమస్కారం. ఐసీయూ రోగుల్లో అక్యూట్ కిడ్నీ ఇంజురీ, అంటే కిడ్నీ పని ఉన్నట్టుండి పడిపోవడం (ఇకపై ఏకేఐ అంటాను), ఏళ్ల తరబడి ఎటు పోతోందో మా విభాగంలో మాట్లాడమన్నారు. రెండు పెద్ద అధ్యయనాలు ఒకే స్లైడులో పక్కపక్కన పెట్టుకుని కూర్చుంటే పొంతన కుదరడం లేదు.

2005లో వచ్చిన బెస్ట్ కిడ్నీ అధ్యయనం: 23 దేశాలు, 54 ఆసుపత్రులు, 29,269 మంది ఐసీయూ రోగులు. వాళ్లలో కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు 5.7 శాతం. 2015లో వచ్చిన ఏకేఐ-ఎపి: 33 దేశాలు, 97 కేంద్రాలు, 1,802 మంది. ఏకేఐ 57.3 శాతం. పదింతలు!

పదేళ్లలో ఏ జబ్బూ ఇలా పది రెట్లు పెరగదు. అలాగని అంతా నిర్వచనం మారడం వల్లే అని తేల్చేయడానికీ మనసొప్పడం లేదు. మంచాల మీద కనబడే రోగులు నిజంగానే మారారు కదా. ఈ పెరుగుదలలో అసలుది ఎంత, లెక్క మారడం వల్ల వచ్చింది ఎంత? తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కలమాస్టారు

డాక్టర్ గారూ, ముందు గీత ఎక్కడ గీశారో చూద్దాం.

బెస్ట్ కిడ్నీలో లెక్కకు రావాలంటే 12 గంటల్లో మూత్రం 200 మిల్లీలీటర్ల లోపే ఉండాలి, లేదా రక్తంలో యూరియా నైట్రోజన్ డెసిలీటరుకు 84 మిల్లీగ్రాములు దాటాలి. అంటే కిడ్నీ బాగా చెడిపోయినవాళ్లే అందులోకి వచ్చారు. ఏకేఐ-ఎపి వాడింది 2012 నాటి కేడిగో ప్రమాణం. అక్కడ 48 గంటల్లో రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ వడగట్టి బయటికి పంపే వ్యర్థం) డెసిలీటరుకు 0.3 మిల్లీగ్రాములు పెరిగినా చాలు. లేదా ఏడు రోజుల్లో మునుపటి స్థాయికి ఒకటిన్నర రెట్లు కావాలి. లేదా ఆరు గంటల పాటు గంటకు, కిలో బరువుకు అర మిల్లీలీటరు కంటే తక్కువ మూత్రం రావాలి.

70 కిలోల మనిషిని తీసుకోండి. ఆరు గంటల్లో 210 మిల్లీలీటర్ల కంటే తగ్గితే కేడిగో మొదటి దశ. బెస్ట్ కిడ్నీ లెక్కలో చేరడానికి అదే మనిషికి పన్నెండు గంటల్లో 200 కూడా రాకూడదు. రెండింటికీ ఎంత తేడా ఉందో చూశారుగా. ఆ రెండు శాతాలనూ ఒకే గ్రాఫులో గీస్తే అది ధోరణి కాదు. దయచేసి ఆ స్లైడు పెట్టకండి.

నెఫ్రోపీజీ

మాస్టారు చెప్పినదానికి కొంచెం చరిత్ర జోడిస్తాను. 2004కి ముందు ఒక్కో పరిశోధన బృందం ఒక్కో నిర్వచనం వాడేది. ముప్పైకి పైగా నిర్వచనాలు చలామణీలో ఉండేవి. 2004లో రైఫిల్ అనే ఉమ్మడి నిర్వచనం వచ్చింది, 2007లో అకిన్ వచ్చి ఆ 0.3 పెరుగుదలను చేర్చింది, 2012లో కేడిగో రెండింటినీ కలిపింది. పేరు కూడా మారింది. "అక్యూట్ రీనల్ ఫెయిల్యూర్" పోయి "ఇంజురీ" వచ్చింది.

అయితే ఒకటి గమనించండి. ఏకేఐ-ఎపిలో మొదటి దశ 18.4, రెండో దశ 8.9, మూడో దశ 30 శాతం. మూడో దశ అంటే క్రియాటినిన్ మూడు రెట్లు కావడమో, 4 దాటడమో, మూత్రం దాదాపు ఆగిపోవడమో, డయాలసిస్ మొదలుపెట్టడమో. చిన్నాచితకా కేసులన్నీ తీసేసినా ఐసీయూలో ప్రతి పదిమందిలో ముగ్గురు అక్కడే ఉన్నారు. నిర్వచనం సడలించడం వల్ల లెక్క ఉబ్బిందనే వాదన ఈ ముప్పై శాతం దగ్గర నిలబడదు.

లెక్కలమాస్టారు

ఆ ముప్పై శాతం నన్నూ ఆలోచింపజేసింది. కానీ ఏకేఐ-ఎపిలో పాల్గొన్నవి ఈ విషయం మీద ఆసక్తితో ముందుకొచ్చిన ఐసీయూలు. రోగులు అక్కడ 1,802 మందే. డయాలసిస్ అందుకున్నవాళ్లు 13.5 శాతం. బెస్ట్ కిడ్నీలో ఐసీయూ రోగులందరి మీదా అది 4 శాతం చిల్లర. డయాలసిస్ చేశారా లేదా అన్నదానికి నిర్వచనాలతో పని లేదు, కాబట్టి తేడాలో కొంత నిజమైనదే కావాలి. కొంత మాత్రం ఎలాంటి ఐసీయూలను ఎంచుకున్నారన్నదాని వల్ల వచ్చింది.

ధోరణి తెలియాలంటే ఒకే చోట, ఒకే కొలతతో, ఏళ్ల తరబడి చూసినవే కావాలి. అలాంటివి రెండు చెబుతాను.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఐసీయూల రిజిస్ట్రీ: 1996 నుంచి 2005 వరకు, ఐసీయూలో చేరిన తొలి 24 గంటల్లో కనబడ్డ ఏకేఐ. నిర్వచనం మొదటి నుంచి చివరి దాకా ఒక్కటే. కేసులు ఏటా 2.8 శాతం చొప్పున పెరిగాయి. అదే కాలంలో ఆ రోగుల్లో మరణాల రేటు తగ్గుతూ వచ్చింది.

రెండోది అమెరికా దేశవ్యాప్త ఆసుపత్రి రికార్డులు. డయాలసిస్ అవసరమైన ఏకేఐ 2000లో పది లక్షల జనాభాకు 222 ఉంటే 2009 నాటికి 533 అయింది. ఏడాదికి దాదాపు పది శాతం పెరుగుదల. ఇది ఐసీయూకి మాత్రమే పరిమితమైన లెక్క కాదు గానీ ఇంత తీవ్రమైన కేసులు ఎక్కువగా ఐసీయూలోనే ఉంటాయి. ఒక్కో రోగికి చనిపోయే ముప్పు తగ్గింది. కేసులు అంతకంటే వేగంగా పెరగడంతో మొత్తం మరణాలు మాత్రం సుమారు 18,000 నుంచి 39,000 దగ్గరికి చేరాయి.

మీ ఉపన్యాసానికి వెన్నెముక ఇదే అనిపిస్తుంది నాకు: రోగికి ముప్పు తగ్గింది, సమాజం మీద భారం పెరిగింది. రెండూ ఒకేసారి నిజం.

తెల్లకోటు

మాస్టారూ, చాలా థాంక్స్. ఆ స్లైడు తీసేస్తున్నా. ఆస్ట్రేలియా లెక్క నాకు తెలియదు.

రాత్రిడ్యూటీ

నేను ఐసీయూ నర్సుని. డాక్టర్లంతా క్రియాటినిన్ గురించే మాట్లాడుతున్నారు, మూత్రం సంగతి ఎవరూ పట్టించుకోవడం లేదు.

రికార్డుల నుంచి చేసే అధ్యయనాల్లో చాలావాటికి గంటగంటకీ మూత్రం లెక్క దొరకదు. అందుకని ఆ ప్రమాణాన్ని వదిలేసి క్రియాటినిన్‌తోనే ఏకేఐ తేలుస్తారు. కానీ మేం మంచం పక్కన మొదట చూసేది యూరోమీటరే (గంటగంటకీ మూత్రం కొలిచే డబ్బా). క్రియాటినిన్ పెరిగేది ఆ తర్వాత, ఒక్కోసారి రోజు గడిచాక. క్యాథెటర్ ఉండి, గంట గంటకీ రాసే యూనిట్లలో ఏకేఐ ఎక్కువ కనబడుతుంది. షిఫ్టుకి ఒకసారి సంచీ ఖాళీ చేసి మొత్తం అంకె వేసే చోట తక్కువ కనబడుతుంది. ఈ రెండు యూనిట్లను పోల్చి ఫలానా చోట కిడ్నీలు బాగున్నాయి అంటే ఎలా?

ఒక యూనిట్‌కి కొత్త ఎలక్ట్రానిక్ చార్టింగ్ వస్తే మర్నాటి నుంచే ఏకేఐ పెరిగినట్టు కనబడుతుంది. అది కూడా ధోరణి అనుకునే ప్రమాదం ఉంది.

నెఫ్రోపీజీ

సిస్టర్ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. 2015లో 32 వేలకు పైగా ఐసీయూ రోగుల మీద ఒక విశ్లేషణ వచ్చింది. ఏకేఐ లేనివాళ్లలో ఆసుపత్రి మరణాలు 4.3 శాతం. మూత్రం, క్రియాటినిన్ రెండింటి ప్రకారమూ మూడో దశ చేరినవాళ్లలో 51.1 శాతం. ఒక్క ప్రమాణమే తీరినవాళ్లు ఆ మధ్యలో ఉన్నారు. రెండూ కలిస్తేనే అసలు ముప్పు తెలుస్తుంది.

ఇంకో చిక్కు బేస్‌లైన్. మునుపటి క్రియాటినిన్ లేకుండా ఐసీయూకి వచ్చేవాళ్లు ఎంతోమంది. అప్పుడు కిడ్నీ వడపోత రేటు నిమిషానికి 75 మిల్లీలీటర్లు, అంటే దాదాపు మామూలుగా ఉందనుకుని వెనక్కి లెక్కగడతారు. ఆ మనిషికి అప్పటికే పాత కిడ్నీ జబ్బు ఉంటే? పాతదంతా కొత్త ఏకేఐ కింద జమ అయిపోతుంది. వయసు మళ్లినవాళ్లు, షుగర్, బీపీ ఉన్నవాళ్లు ఐసీయూలో పెరిగే కొద్దీ ఈ పొరపాటు లెక్కా పెరుగుతుంది.

తెల్లకోటు

ఇప్పుడు కారణాల వైపు వద్దాం. నా ఉద్దేశంలో అసలు పెరుగుదలకు పెద్ద కారణం రోగులే. ఇరవై ఏళ్ల కిందట ఐసీయూ దాకా రాని ఎనభై ఏళ్లవాళ్లు ఇప్పుడు వస్తున్నారు. క్యాన్సర్ కీమోథెరపీ మధ్యలో ఉన్నవాళ్లు, అవయవ మార్పిడి అయినవాళ్లు, పెద్ద గుండె ఆపరేషన్లు అయినవాళ్లు వస్తున్నారు. వీళ్లు సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినడం) వచ్చినా మొదటి రెండు రోజులు దాటి బతకడం కూడా పెరిగింది. బతికితేనే కదా కిడ్నీ దెబ్బ బయటపడేది.

సెప్సిస్ వాటా మాత్రం కదలడం లేదు. బెస్ట్ కిడ్నీలో సెప్టిక్ షాక్ (సెప్సిస్ ముదిరి బీపీ పడిపోవడం) 47.5 శాతం కేసులకు తోడైంది. ఏకేఐ-ఎపిలో కూడా సెప్సిస్సే మొదటి కారణం, 40.7 శాతం. తర్వాత ఒంట్లో ద్రవం తగ్గడం 34.1, మందులు 14.4.

మారింది ఏమిటంటే సెప్సిస్‌లో కిడ్నీ ఎందుకు పాడవుతుందన్న అవగాహన. రక్తం అందక చచ్చిపోతుందని మేం చదువుకున్నాం. గొర్రెలపై చేసిన సెప్సిస్ ప్రయోగాల్లో కిడ్నీకి వెళ్లే రక్తం పెరిగింది, అయినా వడపోత పడిపోయింది. లోపలి సన్నని రక్తనాళాల్లో ప్రవాహం చెదరడం, వాపు ప్రక్రియ, నాళికల కణాలు ప్రాణం కాపాడుకోవడానికి పని తగ్గించేసుకోవడం... ఇవన్నీ కలిసిన వ్యవహారం. అందుకే సెలైన్ మీద సెలైన్ ఎక్కిస్తే కిడ్నీ లేచి కూర్చోదు. ఇది అందరికీ ఒంటబట్టడానికి చాలా ఏళ్లు పట్టింది, ఇంకా పూర్తిగా పట్టలేదు.

ఫార్మసీడెస్క్

క్లినికల్ ఫార్మసీ నుంచి. సెలైన్ మాట వచ్చింది కాబట్టి...

ఏకేఐ ధోరణుల్లో మనం స్వయంగా తెచ్చిపెట్టిన భాగం గురించి మాట్లాడాలి. హైడ్రాక్సీఈథైల్ స్టార్చ్ అనే పిండిపదార్థపు ద్రవాన్ని ఏళ్ల తరబడి సెప్సిస్ రోగులకు ధారాళంగా ఎక్కించారు. 2012లో 6ఎస్ ట్రయల్ వచ్చింది. తీవ్రమైన సెప్సిస్‌లో స్టార్చ్ ఇచ్చినవాళ్లలో 90 రోజుల మరణాలు 51 శాతం, రింగర్స్ ఎసిటేట్ అనే మామూలు లవణ ద్రవం ఇచ్చినవాళ్లలో 43. డయాలసిస్ అవసరం 22 శాతం, 16 శాతం. అదే ఏడాది 7,000 మందితో వచ్చిన చెస్ట్ ట్రయల్‌లో మరణాల్లో తేడా లేదు గానీ డయాలసిస్ స్టార్చ్ వైపు 7.0 శాతం, సెలైన్ వైపు 5.8 శాతం. 2013లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక పెట్టింది, 2022లో యూరప్ అనుమతులే నిలిపేసింది. మనం చేసే ఒక పని ఆపేస్తే ఏకేఐ తగ్గుతుందని ఇంత గట్టిగా నిరూపించిన ఉదాహరణ నాకు ఇంకోటి తెలియదు.

మామూలు సెలైనా, బ్యాలెన్స్‌డ్ ద్రవాలా (క్లోరైడ్ తక్కువగా, రక్తంలోని లవణాలకు దగ్గరగా ఉండేవి) అన్నది అంత తేటగా లేదు. 2018లో 15,802 మందితో స్మార్ట్ ట్రయల్: మరణం, కొత్త డయాలసిస్, కోలుకోని కిడ్నీ మూడూ కలిపిన ఫలితం బ్యాలెన్స్‌డ్ వైపు 14.3 శాతం, సెలైన్ వైపు 15.4. తర్వాత వచ్చిన పెద్ద ట్రయల్స్, 2021లో బేసిక్స్, 2022లో ప్లస్, తేడా చూపించలేదు. నా వరకు, క్లోరైడ్ ఇప్పటికే ఎక్కువగా ఉన్న రోగికి లీటర్ల కొద్దీ సెలైన్ వద్దంటాను. మెదడుకి గాయమైన రోగి సంగతి వేరు, అక్కడ సెలైనే నయం.

వాంకోమైసిన్, పైపెరసిలిన్-టాజోబాక్టమ్ అనే యాంటీబయాటిక్‌ల జోడీ గురించి కూడా చెప్పాలి. ఈ రెండూ కలిస్తే ఏకేఐ పెరుగుతుందని ఎన్నో రికార్డు అధ్యయనాలు చెప్పాయి. నాళికలు క్రియాటినిన్‌ను బయటికి నెట్టే దారికి ఇది అడ్డుపడి, వడపోత తగ్గకుండానే అంకెను పెంచుతుందన్న అనుమానం బలంగా ఉంది. 2023లో ఏకార్న్ ట్రయల్ పైపెరసిలిన్-టాజోబాక్టమ్‌ను సెఫెపీమ్ అనే ఇంకో యాంటీబయాటిక్‌తో నేరుగా పోల్చింది, ఏకేఐలో తేడా రాలేదు. ఆ ట్రయల్‌లో ఎక్కువమందికి వాంకోమైసిన్ కూడా నడుస్తోంది. క్రియాటినిన్ పెరగడం వేరు, కిడ్నీ దెబ్బతినడం వేరు.

నెఫ్రోపీజీ

ఫార్మసీ వారికి ఒక మాట. ఏకార్న్‌లో మందులు వాడిన రోజులు తక్కువ. రెండు వారాలు ఆ జోడీ నడిచే రోగికి అదే ధైర్యం చెప్పలేం. రక్తంలో వాంకోమైసిన్ స్థాయిలు చూడడం మానొద్దు.

ఫార్మసీడెస్క్

ఒప్పుకుంటాను. స్థాయిలు చూడకుండా వాంకోమైసిన్ నడపమని నేను ఎప్పుడూ అనను.

డయాలసిస్‌టెక్

సీఆర్‌ఆర్‌టీ (ఐసీయూలో ఆగకుండా నెమ్మదిగా నడిచే డయాలసిస్) మెషీన్లు నడిపేవాణ్ణి. మా పనిలో ఈ పదిహేనేళ్లలో రెండు పెద్ద మలుపులు వచ్చాయి, రెండూ "ఎక్కువ చేస్తే మంచిది" అన్న నమ్మకాన్ని పడగొట్టాయి.

మొదటిది మోతాదు. గంటకు కిలోకు 40 మిల్లీలీటర్లు శుద్ధి చేస్తే ప్రాణాలు నిలుస్తాయనుకునేవాళ్లం. 2008లో అమెరికాలో ఏటీఎన్, 2009లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో రీనల్ ట్రయల్ వచ్చాయి. రీనల్‌లో 25, 40 రెండు వైపులా 90 రోజుల మరణాలు 44.7 శాతమే. దశాంశంతో సహా ఒకటే.

రెండోది ఎప్పుడు మొదలుపెట్టాలన్నది. దీని మీద మా యూనిట్‌లోనే ఏళ్ల తరబడి వాదనలు నడిచాయి. 2016లో ఒకే ఆసుపత్రిలో 231 మందిపై జరిగిన ఎలైన్ తొందరగా మొదలుపెడితే మేలంది. అదే ఏడాది 620 మందితో అకికి తేడా లేదంది. పైగా ఆగి చూసిన గుంపులో దాదాపు సగంమందికి డయాలసిస్ అసలు అవసరమే పడలేదు! 2018లో సెప్టిక్ షాక్ రోగుల్లో ఐడియల్-ఐసీయూ కూడా అదే దారి. 2020లో మూడు వేలమందితో స్టార్ట్-ఏకేఐ వచ్చి వాదన ముగించింది: తొందరగా మొదలుపెడితే 90 రోజుల మరణాలు 43.9, ఆగితే 43.7.

అందరూ మర్చిపోయే అంకె ఒకటుంది ఆ ట్రయల్‌లో. బతికి బయటపడ్డవాళ్లలో 90 రోజులకీ డయాలసిస్ మీదే ఉన్నవాళ్లు తొందరగా మొదలుపెట్టిన వైపు 10.4 శాతం, ఆగిన వైపు 6.0 శాతం. మెషీన్ ఎక్కించడం వల్ల బీపీ పడుతుంది, పడ్డ ప్రతిసారీ కోలుకుంటున్న కిడ్నీకి మళ్లీ దెబ్బ. మెషీన్ నడిపేవాణ్ణే అయినా చెబుతున్నా, అక్కర్లేని రోగికి అది పెట్టకపోవడమే మంచి వైద్యం.

తెల్లకోటు

అలాగని ఎంతకాలమైనా ఆగొచ్చని కూడా కాదు కదా. 2021లో అకికి-2 ఇంకా ఆలస్యం చేసి చూసింది. మేలు లేదు, సర్దుబాటు చేసిన విశ్లేషణలో కీడు ఛాయలు కనబడ్డాయి. పొటాషియం, ఆమ్లం, ఊపిరితిత్తుల్లో నీరు... వీటిలో ఏది ముదిరినా గంటలు లెక్కపెట్టుకుంటూ కూర్చోకూడదు.

డయాలసిస్‌టెక్

అవును డాక్టర్ గారూ, అత్యవసరం ఉన్నవాళ్లని ఏ ట్రయల్‌లోనూ ఆపలేదు. నేను చెప్పింది అంకె చూసి భయపడి పెట్టేవాటి గురించి.

రాత్రిడ్యూటీ

కోవిడ్ గురించి ఎవరూ ఎత్తలేదు. ఆ మొదటి నెలల్లో వెంటిలేటర్ పెట్టిన ప్రతి రోగికీ వెనకాలే కిడ్నీ పోయేది. డయాలసిస్ ఫిల్టర్లలో రక్తం గంటల్లో గడ్డకట్టేది. గ్రాఫుల్లో ఆ ఏడాదిని ఎలా చూపిస్తారు?

లెక్కలమాస్టారు

విడిగా చూపించాలి, సిస్టర్. న్యూయార్క్ ప్రాంతపు ఆసుపత్రుల్లో 2020 వసంతంలో చేరిన 5,449 మంది లెక్క ఉంది. ఏకేఐ మొత్తం మీద 36.6 శాతం. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో 89.7, లేనివాళ్లలో 21.7. చాలామందికి వెంటిలేటర్ పెట్టిన 24 గంటలకు అటూ ఇటూగానే కిడ్నీ పడిపోయింది. తర్వాతి తరంగాల్లో స్టెరాయిడ్లు వచ్చాయి, తొలి రోజుల్లో ఊపిరితిత్తులను పొడిగా ఉంచాలని ద్రవాలు మరీ కట్టేసే పద్ధతి సడలింది, డయాలసిస్ వాటా తగ్గింది. 2020ని కలిపి సరళరేఖ గీస్తే అబద్ధం చెప్పినట్టే.

అమ్మకోసం

పెద్దలందరికీ నమస్కారం. నేను డాక్టర్‌ని కాదు. వెతుకుతూ వెతుకుతూ ఇక్కడికి వచ్చాను. మీరు రాసేవి సగమే అర్థమవుతున్నాయి, అయినా అడగక తప్పడం లేదు.

మా అమ్మకు 66 ఏళ్లు. న్యుమోనియా ముదిరి సెప్సిస్ వచ్చింది, చాలా రోజులు ఐసీయూలో ఉంది. మధ్యలో కిడ్నీలు పాడై కొన్నిసార్లు డయాలసిస్ చేశారు. తర్వాత అక్కర్లేదన్నారు. ఇంటికి పంపేటప్పుడు క్రియాటినిన్ 0.8 ఉంది. జబ్బు పడకముందు 0.9 ఉండేది. ముందుకంటే బాగుంది, కిడ్నీ గురించి మర్చిపోండి అన్నారు. కాగితం మీద న్యుమోనియా అని ఉంది, కిడ్నీ ఊసే లేదు. అమ్మ బాగా చిక్కిపోయింది, లేచి నిలబడలేకపోతోంది. నిజంగా కిడ్నీ గురించి మర్చిపోవచ్చా?

నెఫ్రోపీజీ

అమ్మగారు బతికి ఇంటికొచ్చారు, అది అన్నిటికంటే పెద్ద విషయం. కానీ మర్చిపోవద్దండీ.

క్రియాటినిన్ కండరాల నుంచి పుడుతుంది. ఐసీయూలో మంచాన పడి ఉన్నవాళ్లకి కండ వారాల్లో కరిగిపోతుంది. కండ తగ్గితే క్రియాటినిన్ తయారవడమే తగ్గుతుంది. కిడ్నీ సగమే కోలుకున్నా అంకె మాత్రం మామూలుగా, ఒక్కోసారి మునుపటికంటే తక్కువగా కూడా కనబడొచ్చు. అమ్మగారు చిక్కిపోయారంటున్నారు కాబట్టి 0.8 చూసి నిశ్చింతగా ఉండకూడదు. సిస్టాటిన్ సి అని ఇంకో రక్తపరీక్ష ఉంది, దానిమీద కండ ప్రభావం చాలా తక్కువ. అది చేయించగలిగితే అసలు సంగతి తెలుస్తుంది. స్టెరాయిడ్లు వాడుతుంటే, థైరాయిడ్ తేడా ఉంటే అదీ కొంచెం మారుతుంది, కాబట్టి ఆ మందుల వివరం డాక్టర్‌కి చెప్పండి.

దాంతోపాటు మూత్రంలో అల్బుమిన్ అనే ప్రోటీన్ ఎంత పోతోందో పరీక్ష, బీపీ చూడటం. దెబ్బ తగిలిన ఏడో రోజు నుంచి 90వ రోజు వరకూ ఉండే దశకు "అక్యూట్ కిడ్నీ డిసీజ్" అని 2017 నుంచి వేరే పేరే పెట్టారు. కోలుకుంటారా, పాత జబ్బుగా స్థిరపడుతుందా అన్నది తేలేది ఆ రోజుల్లోనే. డయాలసిస్ దాకా వెళ్లినవాళ్లను నెఫ్రాలజిస్ట్ ఇంకా ముందుగానే ఒకసారి చూడాలి. మూడు నెలలకు తప్పకుండా మళ్లీ పరీక్ష.

ఫార్మసీడెస్క్

అమ్మగారి విషయంలో నాదొక విన్నపం. ఒళ్లు నొప్పులకని డిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి డాక్టర్‌ని అడగకుండా వేయొద్దు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే బీపీ, షుగర్ మందుల్లో కొన్ని తాత్కాలికంగా ఆపాల్సి రావచ్చు, అది ఫోన్ చేసి కనుక్కోండి. సొంతంగా పూర్తిగా మానేయొద్దు. కొత్తగా ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా "ఐసీయూలో కిడ్నీ పాడైంది, డయాలసిస్ చేశారు" అన్న మాట ముందు చెప్పండి. కాగితం మీద లేదు కాబట్టి మీరే చెప్పాలి.

అమ్మకోసం

చాలా చాలా థాంక్సండీ. సిస్టాటిన్ సి పేరు రాసుకున్నాను. ఈ మాట ఇన్నాళ్లలో మాకెవరూ చెప్పలేదు.

లెక్కలమాస్టారు

అమ్మగారి కాగితం చూడండి డాక్టర్ గారూ. ఏకేఐ వచ్చింది, డయాలసిస్ అయింది, డిశ్చార్జి సారాంశంలో పేరు లేదు. డిశ్చార్జి కోడ్‌ల (కాగితంలోని జబ్బు పేర్లకు వేసే గుర్తుల) మీద నడిచే ప్రతి అధ్యయనంలోనూ ఈవిడ "ఏకేఐ లేదు" గడిలో పడుతుంది. కోడింగ్ ఏళ్లు గడిచే కొద్దీ మెరుగైతే కేసులు పెరిగినట్టు కనబడుతుంది, లేకపోతే ఇలాంటివాళ్లు కనబడకుండా పోతారు. కోలుకోవడం లెక్కలు ఇంకా అధ్వానం. డిశ్చార్జి రోజు క్రియాటినిన్‌ను బట్టి కోలుకున్నారని రాస్తే, ఐసీయూలో ఎక్కువ రోజులు ఉండి ఎక్కువ చిక్కిపోయినవాళ్లే ఎక్కువ కోలుకున్నట్టు తేలుతుంది.

తెల్లకోటు

ఈ చివరి మాట నాకు బాగా తగిలింది. ఇన్నాళ్లూ ధోరణి అంటే ఎంతమందికి వచ్చింది, ఎంతమంది పోయారు అనే చూశాం. మరణాల రేటు తగ్గిందంటే ఆ మిగిలినవాళ్లు ఎక్కడికి వెళ్లారు? ఇళ్లకి, సగం కిడ్నీతో, కాగితంలో ఊసు లేకుండా.

ముందుగా పట్టుకోవడం గురించి కూడా ఒక స్లైడు అనుకున్నా. కిడ్నీ ఒత్తిడిని ముందే పసిగట్టే టింప్-2, ఐజీఎఫ్‌బీపీ-7 అనే మూత్రపరీక్షకు ఎఫ్‌డీఏ 2014లోనే అనుమతి ఇచ్చింది. ఇన్నేళ్లయినా వాడకం అంతంతే. ఫ్యూరోసెమైడ్ (మూత్రం పెంచే మందు) స్ట్రెస్ టెస్ట్ నాకు ఎక్కువ ఉపయోగపడింది: కిలోకు 1 నుంచి 1.5 మిల్లీగ్రాములు ఇచ్చి రెండు గంటల్లో 200 మిల్లీలీటర్లు రాకపోతే ముదిరే అవకాశం ఎక్కువ. ఒంట్లో నీరు తక్కువగా ఉన్న రోగికి మాత్రం చేయకూడదు. ఎవరైనా ఏకేఐని పట్టే కంప్యూటర్ అలర్ట్‌లు వాడుతున్నారా?

నెఫ్రోపీజీ

అలర్ట్‌ల మీద ఆశ తగ్గించుకోండి. 2021లో ఆరు ఆసుపత్రుల్లో 6,030 మందితో ట్రయల్ జరిగింది. కంప్యూటర్ తెర మీద ఏకేఐ హెచ్చరిక వచ్చినా ముదరడం గానీ, డయాలసిస్ గానీ, మరణాలు గానీ తగ్గలేదు. బోధనాసుపత్రులు కాని రెండింటిలో అలర్ట్ వచ్చిన వైపే మరణాలు ఎక్కువయ్యాయి. హెచ్చరిక ఇచ్చి, ఏం చేయాలో చెప్పకపోతే అంతే.

నివారణలో నాకు ఆశ కలిగించింది 2024లో గుండె ఆపరేషన్ రోగులపై వచ్చిన ప్రొటెక్షన్ ట్రయల్. 3,511 మంది. సిరలోకి ఎమైనో ఆమ్లాలు ఎక్కిస్తే ఏకేఐ 31.7 శాతం నుంచి 26.9కి తగ్గింది. తగ్గింది ఎక్కువగా తేలిక దశల్లోనే, డయాలసిస్‌లో స్పష్టమైన తేడా రాలేదు. సెప్సిస్ రోగికి ఇది వర్తిస్తుందని అప్పుడే అనుకోకూడదు.

రాత్రిడ్యూటీ

అలర్ట్ లేకపోయినా మేమున్నాం. వరసగా మూడు గంటలు మూత్రం తగ్గితే నర్సు చెప్పే మాట వినండి చాలు. ఆ గంటలోనే మందుల చార్టు ఒకసారి తిరగేస్తే, సగటు బీపీ (మీన్) 65 దగ్గర ఉందో లేదో చూస్తే, క్యాథెటర్ మూసుకుపోలేదని ఫ్లష్ చేసి తేల్చుకుంటే చాలా సంగతి తేలుతుంది. నా అనుభవంలో "కిడ్నీ పోయింది" అన్న కబురు ఒక్కోసారి మడతపడ్డ క్యాథెటరే.

తెల్లకోటు

సిస్టర్, మీ మాట స్లైడులో పెడతాను, మీకు అభ్యంతరం లేకపోతే.

మొత్తం మార్చేస్తున్నా. బెస్ట్ కిడ్నీ, ఏకేఐ-ఎపి విడివిడి స్లైడులు, మధ్యలో గీత లేదు. ధోరణికి మాస్టారు చెప్పిన రిజిస్ట్రీ. స్టార్చ్ ఒక స్లైడు, స్టార్ట్-ఏకేఐలో ఆ 10.4, 6.0 ఒక స్లైడు. చివర్లో మా యూనిట్‌కి రెండు ప్రతిపాదనలు: రెండో దశ దాటిన ప్రతి రోగి డిశ్చార్జి కాగితంలో ఏకేఐ దశ, చివరి క్రియాటినిన్, డయాలసిస్ అయిందా లేదా తప్పనిసరిగా రాయడం, 90వ రోజున పరీక్షకు తేదీ ఇచ్చి పంపడం. సిస్టాటిన్ సి అందరికీ సాధ్యం కాకపోవచ్చు, ఐసీయూలో ఎక్కువ రోజులు ఉన్నవాళ్లకైనా అడుగుతాను.

90వ రోజు రానివాళ్లను ఎలా లెక్కించాలి మాస్టారూ? చాలామంది రారు.

లెక్కలమాస్టారు

రానివాళ్లను తీసేసి శాతం గట్టొద్దు. బాగున్నవాళ్లూ రారు, చనిపోయినవాళ్లూ రారు. ముందుగా ఫోన్ చేసి బతికున్నారా, డయాలసిస్ మీద ఉన్నారా అన్న రెండు ప్రశ్నలు అడగండి, పరీక్షకు రాకపోయినా ఆ రెండూ తెలుస్తాయి. మరణం, డయాలసిస్, క్రియాటినిన్ రెట్టింపు దాటి ఉండటం మూడూ కలిపి ఒక ఫలితంగా పెట్టుకోండి, విడివిడిగానూ రాయండి. జవాబు దొరకనివాళ్లకు వేరే గడి. మొదటి రోజు నుంచే ఆ గడి పెట్టుకోకపోతే తర్వాత ఎవరూ నింపరు. పట్టిక నమూనా రేపు ఇక్కడే పెడతాను.